చూసి రావడం కాదు, నేర్పి రావాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లోని ఆసుపత్రి సిబ్బందికి పునరావాస వైద్యంలో, అంటే దెబ్బతిన్నవాళ్లు మళ్లీ తమ పనులు తాము చేసుకునేలా చేసే వైద్యంలో, ఉచితంగా శిక్షణ ఇచ్చి వచ్చే ఫిజియోథెరపిస్టులు, నర్సుల గురించి మన పత్రికల్లో పెద్దగా రాయరు, అందుకే ఈ ఉత్తరం. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చి దాదాపు 9 వేల మంది చనిపోయారు. ఆపరేషన్లకు ఎన్నో దేశాల డాక్టర్లు వచ్చారు సరే, వాళ్లు వెళ్లిపోయాక వెన్నెముక దెబ్బతిని మంచాన పడ్డవాళ్లను చూసుకోవాల్సింది అక్కడి సిస్టర్లే కదా! రెండు గంటలకోసారి ఇద్దరు ముగ్గురు కలిసి, నడుం మెలిపడకుండా పేషెంటును ఒక్కసారిగా పక్కకు తిప్పాలి, మడమల దగ్గర, పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాలి, మూత్రం గొట్టం ఎలా వేసుకోవాలో పేషెంటుకే నేర్పాలి. ఇందులో అశ్రద్ధ చేస్తే పుండ్లు పడి, చీము పట్టి, ఆపరేషన్ బాగా జరిగిన మనిషి కూడా ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.

కాఠ్మండుకు దగ్గర్లో సాంగాలోని వెన్నెముక గాయాల పునరావాస కేంద్రంలో అప్పుడు విదేశీ వాలంటీర్లు స్థానిక సిబ్బందితో కలిసి పనిచేశారు. నాకు నచ్చే పద్ధతి అదే. రెండు వారాలు వెళ్లి పేషెంట్లందరినీ తామే చూసేసి వచ్చేవాళ్లకంటే, మంచం పక్కన నిలబడి అక్కడి సిస్టర్ చేత చేయించి, కొన్నాళ్లకు మళ్లీ వెళ్లి చూసేవాళ్లు కావాలి. మన రెండు రాష్ట్రాల్లో ఫిజియోథెరపీ చదివినవాళ్లకు కొదవ లేదు, ఇలా వెళ్తామనే వాళ్లకు ఆసుపత్రులు జీతం కోయకుండా సెలవివ్వాలి.

— ఒక ఫిజియోథెరపిస్టు, వరంగల్