బాబాయ్ మగ్గం, మన పాత 600డి

విజయవాడ
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి మనసు చీరాలలోనే ఉంది. బాబాయ్ ఈ సంక్రాంతికి మగ్గం దిగేస్తానన్నారంటే నమ్మబుద్ధి కావడం లేదు. చిన్నప్పుడు సెలవులకి మీ ఇంటికొస్తే పొద్దున్నే ఆ మగ్గం చప్పుడుకే కదరా లేచేవాళ్లం! ఆయన పని వీడియో తీసి దాచాలన్న నీ ఆలోచన చాలా మంచిది. కానీ అందుకోసం ఈఎంఐలో ఎనభై వేల కెమెరా కొంటానన్నావు చూడు, అది మాత్రం వద్దు. మీ అన్నయ్య వదిలి వెళ్లిన కెనాన్ 600డి బీరువాలోనే ఉందన్నావుగా. నా దగ్గరున్నదీ అదే. ఫోన్‌లో అన్నీ చెప్పడం కుదరలేదు, అందుకే ఈ ఉత్తరం.

ఆ కెమెరా 2011లో వచ్చింది. 4కె లేదు. మనిషి కదిలితే వీడియోలో ఫోకస్ దానంతట అది వెంటాడదు. ఈ రెండూ నిజమే. కానీ బాబాయ్ కూర్చున్న చోటు నుంచి కదలరు. ఆయన చేతులు, పేక పోగుని దూర్చే నాడె, నిలువు పోగుల పడుగు, గుంటలో తొక్కే కాళ్లు, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఈ పనికి ఆ కెమెరా బాగా సరిపోతుంది. పరుగులు పెట్టే పిల్లల్ని తియ్యాలంటే మాత్రం నేనే వద్దనేవాణ్ణి, ఫోకస్ దానంతట అదే వెంటాడే కెనాన్ 70డి సెకండ్ హ్యాండ్‌లో చూసుకోమనేవాణ్ణి.

ముందు డబ్బు దేనికి పెట్టాలో చెప్తా విను. లెన్స్‌కి కాదు, మైక్‌కి.

ఇది నాకు కొండపల్లిలో తెలిసొచ్చింది. పోయినేడాది అక్కడ బొమ్మలు చేసే ఒక పెద్దాయన్ని తీశాను. తెల్ల పొణికి చెక్కని సన్నని సెగ మీద ఎలా ఆరబెడతారో, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేసి బొమ్మకి చేతులూ కాళ్లూ ఎలా అతికిస్తారో అన్నీ చూపించారు. చివర్లో వాళ్ల నాన్న తనకి మొదటిసారి ఉలి పట్టించిన రోజు గురించి చెప్తూ గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. నేను కెమెరాలో ఉన్న మైక్‌నే నమ్ముకున్నాను. ఇంటికొచ్చి వింటే ఆయన మాట మీద సీలింగ్ ఫ్యాన్ హోరు. వీడియో అద్దంలా వచ్చింది, మాట పోయింది. వారం తర్వాత మళ్లీ వెళ్తే పాపం ఆయన మళ్లీ చెప్పారు. కానీ ఆ మొదటిసారి గొంతు మళ్లీ రాలేదురా. ఇప్పటికీ ఆ క్లిప్ పెట్టుకుంటే బాధగా ఉంటుంది.

అందుకని వెయ్యి రూపాయల లోపు దొరికే వైరు కాలర్ మైక్ ఒకటి కొను. మన కెమెరాకి పక్కన 3.5 మి.మీ. మైక్ సాకెట్ ఉంది. కొన్ని కాలర్ మైకుల్లో ఫోన్‌కీ కెమెరాకీ మారే చిన్న స్విచ్ ఉంటుంది, లోపల బటన్ సెల్ ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఆ రెండూ చూసుకో. మెనూలో సౌండ్ రికార్డింగ్‌ని ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చు. ఆటోలో పెడితే బాబాయ్ మాట ఆపిన ప్రతిసారీ కెమెరా చుట్టుపక్కల చప్పుడుని పైకి లాగుతుంది, ఆ హోరే నీకు వినిపిస్తుంది. ఆయన మామూలుగా మాట్లాడేటప్పుడు తెర మీద ఆడియో స్థాయి సూచిక మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టుకుంటే చాలు. ఈ కెమెరాకి హెడ్‌ఫోన్ సాకెట్ లేదు కాబట్టి తీస్తుండగా వినలేం. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఆయన పక్కనే పెట్టెయ్. ప్రతి షాట్ మొదట్లో కెమెరా ముందు గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టు. ఎడిటింగ్‌లో ఆ చప్పట్ల దగ్గర రెండు ఆడియోలూ ఒకచోట కలిపెయ్యొచ్చు. ఒకటి పాడైనా రెండోది ఉంటుంది.

మాటలు తీసేటప్పుడు మగ్గం ఆపించు, ఫ్యాన్ ఆపించు. మగ్గం చప్పుడు విడిగా తీసుకో. మైక్ పోగుల్ని దగ్గరికి కొట్టే పలక దగ్గరొకసారి, గుంటలో కాళ్ల దగ్గరొకసారి పెట్టి, ఒక్కోచోట ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా రికార్డ్ చెయ్. రేపు ఆ ఇంట్లో ఆ చప్పుడు ఉండదు కదరా.

ఇక వెలుతురు. మీ మగ్గం గదికి తూర్పు కిటికీ ఒక్కటే కదా, అది అదృష్టం అనుకో. పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య తియ్. కిటికీ వెలుగు బాబాయ్ మొహానికి ఒక పక్కన పడుతుంది. రెండో పక్క చీకటిగా ఉంటే స్టేషనరీ షాపులో తెల్ల థర్మాకోల్ షీట్ తెచ్చి అటు పక్కన నిలబెట్టు, వెలుగు తిరిగొచ్చి మొహం మీద మెత్తగా పడుతుంది. ట్యూబ్‌లైట్ వెయ్యాల్సి వస్తే మెనూలో వీడియో సిస్టమ్‌ని పాల్ (PAL) పద్ధతికి మార్చి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ స్పీడ్ 1/50 పెట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అలా అయితే లైట్ వెలిగి ఆరినట్టు కనిపించదు. పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌లో పెట్టి షార్ప్‌నెస్ సున్నాకి దించు. వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సర్దుబాటు, కూడా ఆటోలో వదలకు, ఎర్ర చీర తెర మీదికి వచ్చేసరికి మొహం రంగు మారిపోతుంది.

లెన్స్ గురించి అడిగావు కదా. కెమెరాతో ఉన్న 18-55 మి.మీ. జూమ్ లెన్స్ చాలు, కాకపోతే చీకటి గదిలో అది కష్టపడుతుంది. పాత 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ (ఎఫ్ పక్కన అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది) దొరికితే తీసుకో, నేను సెకండ్ హ్యాండ్‌లో ఐదున్నర వేలకి కొన్నాను. 18-55ని 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు. అక్కడితో పోలిస్తే ఇది తొమ్మిది పది రెట్లు వెలుతురు లోపలికి తీసుకుంటుంది. కొనే ముందు లెన్స్‌ని రెండు వైపులా మూతలు తీసి ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడు. మన కోస్తా తేమకి లోపల సాలెగూడులా ఫంగస్ పడుతుంది. నాకు మొదట అమ్మజూపినదాంట్లో అది ఉంది, టార్చ్ వెయ్యబట్టి బయటపడింది. ఇంకొక సంగతి, మన కెమెరా సెన్సార్ చిన్నది కాబట్టి 50 అనేది 80లాగా పనిచేస్తుంది. మీ గదిలో గోడకి ఆనుకుని నిలబడ్డా బాబాయ్ మొహం, భుజాలే పడతాయి. గది మొత్తం రావాలంటే 18-55ని 18లో పెట్టుకోవాలి. 1.8లోనే తీస్తే కన్ను ఫోకస్‌లో ఉండి చెవి మసకబారుతుంది, 2.8లో తియ్.

రికార్డింగ్ మొదలుపెట్టే ముందు తెర మీద పది రెట్లు పెద్దది చేసి ఫోకస్ సరిచూసుకుని, లెన్స్ మీద మీటని మాన్యువల్‌కి తోసెయ్. ఇక ముట్టుకోవద్దు.

ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా విను, నీకోసమే అన్నట్టుంటుంది. నేత చీర దగ్గరగా తీస్తే సన్నటి పోగుల మీద లేనిపోని ఇంద్రధనుస్సు రంగులు పాకుతాయి. ఈ కెమెరా వీడియో తీసేటప్పుడు సెన్సార్ మీద కొన్ని వరసలు వదిలేసి చదువుతుంది, అందుకే అలా. దీనికి కెమెరాలోనే మందు ఉంది. వీడియో సైజు మెనూలో 3ఎక్స్ నుంచి మొదలయ్యే డిజిటల్ జూమ్ మోడ్ ఉంటుంది. అందులో 3ఎక్స్ దగ్గరే ఉంచితే సెన్సార్ మధ్య భాగాన్ని వరసలు వదలకుండా తీసుకుంటుంది, ఆ రంగులు దాదాపు మాయమైపోతాయి. పైగా 18-55తోనే అడ్డంగా వచ్చే పేక పోగు పడుగులో దూరిపోవడం అంత దగ్గరగా కనిపిస్తుంది. మా అమ్మ మంగళగిరి చీర అంచు మీద తీసి చూశాను. ఒక్కో పోగూ విడివిడిగా లెక్కపెట్టొచ్చురా! మూడు రెట్లు దాటి జూమ్ చేస్తే మాత్రం వీడియో స్పష్టత పలచబడుతుంది. ఈ మోడ్‌లో చిన్న కదలిక కూడా భూకంపంలా ఉంటుంది కాబట్టి ట్రైపాడ్ తప్పనిసరి.

ట్రైపాడ్ మంచిది కొను, ఇక్కడ కక్కుర్తి పడకు. మూడు నాలుగు వేలల్లో గట్టిది దొరుకుతుంది. ఎక్స్‌ట్రా బ్యాటరీ ఒకటి, వేగంగా రాసుకునే క్లాస్ 10 మెమరీ కార్డులు రెండు. వీడియో నిమిషానికి దాదాపు 330 ఎంబీ తింటుంది. 4 జీబీ నిండగానే, అంటే పన్నెండు నిమిషాలకి, రికార్డింగ్ తనంతట తనే ఆగిపోతుంది. మళ్లీ మనమే నొక్కాలి. బాబాయ్ మంచి ఊపులో చెప్తున్నప్పుడు ఆగిపోతే ఎంత బాధో! అందుకే ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పది నిమిషాలకే ఒక మాట మధ్య సందు చూసి ఆపి మళ్లీ మొదలుపెట్టు.

మ్యాజిక్ ల్యాంటర్న్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. కెనాన్ వాళ్లది కాదు, ఔత్సాహికులు రాసింది, కార్డు మీద నుంచి నడుస్తుంది. ఫోకస్ ఎక్కడుందో అంచులు మెరిపించి చూపిస్తుంది, ఆడియో స్థాయి తెర మీదే కనిపిస్తుంది. నేను వాడుతున్నాను. ఈ పనికి అది లేకున్నా నడుస్తుంది, కాబట్టి నీ కెమెరాలో ఇప్పుడే వెయ్యకు. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు.

అన్నీ కలిపినా పదమూడు వేలు దాటదు. లెన్స్ ఆపేస్తే ఏడెనిమిది వేలు. మిగతా డబ్బుతో పిన్ని కంటి ఆపరేషన్ సంగతి చూడు, అది ముఖ్యం.

నేను శనివారం పొద్దున పినాకిని రైల్లో వస్తున్నాను. నా మైక్, 50 లెన్స్ తెస్తా. నువ్వు థర్మాకోల్ షీటు, రెండు కార్డులు తెచ్చిపెట్టు, బ్యాటరీలు రాత్రే ఛార్జింగ్ పెట్టు. మగ్గం మీద ఇప్పుడున్న చీర నేను వచ్చేదాకా కొయ్యొద్దని బాబాయ్‌తో చెప్పు. మొదట ఆయన్ని ఏమీ అడగొద్దు. ఓ అరగంట కెమెరా ఆన్ చెయ్యకుండా ఎదురుగా పెట్టి ఊరికే కూర్చుందాం, అలవాటు పడతారు. తర్వాత ఆ మగ్గం మీద ఆయన నేసిన మొదటి చీర ఎవరికిచ్చారో నువ్వు అడుగు. నేను ఫోకస్ చూసుకుంటా.

నీ
ప్రసాద్