‘వెన్నెల’ చెప్పే టీచరుకు శిక్షణ ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

2018 నాటి చట్టం తెలంగాణ రాష్ట్రంలోని అన్ని పాఠశాలల్లో పదో తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేసింది. తెలుగు మాతృభాష కాని పిల్లల ఇబ్బంది గమనించి, సీబీఎస్‌ఈ వంటి బోర్డుల పాఠశాలల్లో 9, 10 తరగతులకు ‘సింగిడి’ బదులు సులభమైన ‘వెన్నెల’ వాచకం వాడాలని ప్రభుత్వం 2025లో ఆదేశించడం మంచి పనే. అయితే ఆ వాచకం పట్టుకుని తరగతిలోకి వెళ్ళే ఉపాధ్యాయులకు ద్వితీయ భాషా బోధనలో ఓనమాలు ఎవరు దిద్దిస్తున్నారు?

నేను పాతబస్తీలోని ఒక ప్రైవేటు పాఠశాలలో 22 ఏళ్ళు తెలుగు చెప్పాను. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఆరో తరగతి అబ్బాయి ఒక సోమవారం నా దగ్గరకు వచ్చి, “టీచర్, నిన్న మనం జూపార్కుకు వెళ్ళాం” అన్నాడు. “నేనెప్పుడొచ్చానురా?” అన్నాను. తరగతంతా గొల్లుమంది. ఆ నెలంతా వాడు నా ముందు తెలుగులో నోరు విప్పలేదు. ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే మాట; వినేవారిని కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’ అనే తేడా అందులో లేదు. తెలుగు ఇళ్ళలో ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది కనుక, అది నేర్పవలసిన విషయమని నాకు తట్టనే లేదు.

నేర్చుకునేవారి తప్పులు వారు లోలోపల కట్టుకుంటున్న వ్యాకరణానికి ఆనవాళ్ళని భాషా శాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లోనే చెప్పారు. నేను చేసిన పండిత శిక్షణలో ఆ మాట వినలేదు. సంధులు, సమాసాలు, ఛందస్సు, ప్రతిపదార్థాలతోనే ఏడాది గడిచిపోయింది. ఇంటి భాష ఎప్పుడూ అడ్డే తగులుతుందని కూడా కాదు. ‘ముఝే (నాకు) భూఖ్ లగీ హై’ అనే పిల్లవాడికి ‘నాకు ఆకలేస్తోంది’ ఇట్టే పట్టుబడుతుంది, ఇంగ్లీషులో ‘ఐ యామ్ హంగ్రీ’ అని ఆలోచించే పిల్లకు అదే కొరుకుడు పడదు.

మైదానంలో గలగలా మాట్లాడే పిల్ల పాఠం చదవలేకపోతే బద్ధకమని తీర్మానించేస్తాం. మాటల భాషకు సుమారు రెండేళ్ళు చాలినా, చదువుల భాషకు ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుందని ద్విభాషా విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ పరిశోధనలు చూపాయి. ఎనిమిదో తరగతిలో వేరే రాష్ట్రం నుంచి వచ్చి చేరిన పిల్లకు అంత వ్యవధి ఎక్కడిది?

1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) మన తార్నాకలోనే ఉంది. పరభాషా బోధనలో దానికున్న అనుభవాన్ని విద్యాశాఖ తెలుగు కోసం అడిగి తీసుకోవాలి. వచ్చే వేసవి సెలవుల్లో ‘వెన్నెల’ చెప్పేవారందరికీ, ముఖ్యంగా ఏ శిక్షణకూ పిలుపు అందని ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు, కనీసం పది రోజుల తరగతులు పెట్టించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని, మలక్‌పేట, హైదరాబాద్