లాట్ 14, 15 బుల్లెట్లు వాడకండి: తప్పు మా కాగితంలోనే ఉంది

నమస్కారమండీ. .451 అంగుళాల బోరు మజిల్‌లోడర్ల (మూతి వైపు నుంచి మందు, బుల్లెట్ నింపే రైఫిళ్ళ) కోసం మా దగ్గర కాగితం చుట్టిన 540 గ్రెయిన్ల బుల్లెట్లు కొన్నవాళ్ళందరికీ ఈ కబురు. డబ్బా అడుగున ఉన్న స్టాంపు చూడండి. లాట్ 14 గానీ 15 గానీ అయితే వాటిని పక్కన పెట్టేయండి, రేంజికి తీసుకెళ్ళకండి. లాట్ 13, అంతకు ముందువి బాగానే ఉన్నాయి.

జరిగింది ఇది. మేం వాడే కాటన్ కాగితం కొత్త రీములు వచ్చాయి. లేబుల్ అదే, బరువు అదే. మందం మాత్రం మారింది. ఇదివరకు కాగితం 2 థౌ ఉండేది, ఇప్పుడు 2.3 ఉంది. (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. లేత్ షాపు మొహం చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.) 0.3 థౌ తేడా ఒక లెక్కా అనిపిస్తుంది గానీ, బుల్లెట్‌కు కాగితం రెండు చుట్లు వేస్తాం. రెండు చుట్లంటే వ్యాసం మీద నాలుగు పొరలు. .442 బుల్లెట్‌కు పాత కాగితం 8 థౌ కలిపి .450 చేసేది. కొత్తది 9.2 కలిపి .4512 చేసింది. చాలా .451 బారెళ్ళలో అది ఇరుక్కునే కొలత. తడి కాగితం చుట్టేటప్పుడు సాగి కొంచెం పలచబడుతుంది కాబట్టి అసలు కొలత ఈ లెక్కకు పిసరంత తక్కువే వస్తుంది. అయినా బారెల్‌లో మసి పట్టాక ఆ పిసరు మిగలదు.

మా పొరపాటు ఎక్కడంటే, రీములో పైనున్న ఒక్క కాగితాన్ని మైక్రోమీటర్‌లో పెట్టి 'ఓకే' అనేశాం. ఒక్క కాగితాన్ని కొలిస్తే మైక్రోమీటర్‌ను ఎంత బిగిస్తే అంత పలచగా చూపిస్తుంది. పది కాగితాలు కలిపి కొలిచి పదితో భాగించాలి. అలా చేసి ఉంటే మొదటి రోజే దొరికేది. ఇక మీద ప్రతి రీముకూ పైన, మధ్యలో, అడుగున మూడు చోట్ల పదేసి కాగితాలు తీసి కొలుస్తాం. చుట్టి ఆరిన బుల్లెట్లలో యాభైకి ఐదింటిని .450 రింగ్ గేజ్‌లో వేసి చూస్తాం. తన బరువుకే జారితే సరి. వేలితో నొక్కాల్సి వచ్చిందంటే ఆ యాభై వెనక్కే.

ఈ లాట్లతో ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ప్రమాదం ఉంది. శుభ్రంగా ఉన్న బారెల్‌లో మొదటి బుల్లెట్ దిగుతుంది. రెండోదో మూడోదో సగం దారిలో బిగుసుకుంటుంది. బలంగా తోస్తే ముక్కు నలుగుతుంది, కాగితం ముడతపడి చిరుగుతుంది, ఆ గుండు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. దానికంటే పెద్ద ముప్పు, బుల్లెట్ తుపాకిమందు మీద ఆనకుండా మధ్యలో ఆగడం. మందుకూ బుల్లెట్‌కూ మధ్య ఖాళీ ఉండగా కాలిస్తే బారెల్ ఉంగరంలా ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. మీ రామ్‌రాడ్ (బుల్లెట్‌ను లోపలికి తోసే కడ్డీ) మీద మందు, వాడ్ (మందుకూ బుల్లెట్‌కూ మధ్య పెట్టే బిళ్ళ), బుల్లెట్ సరిగా కూర్చున్నప్పటి గీత ఒకటి ఉండి తీరాలి. ఆ గీత బారెల్ మూతి దాకా దిగకుండానే రాడ్ ఆగిందంటే క్యాప్ (మందును అంటించే చిన్న రేకు టోపీ) జోలికి పోవద్దు. 'కాల్చేస్తే అదే పోతుంది' అని పక్కవాళ్ళు సలహా ఇస్తారు, వినకండి. నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న గొట్టం) విప్పి, లోపలి మందును నీళ్ళతో పూర్తిగా నానబెట్టి, రాడ్‌కు స్క్రూ తగిలించి బుల్లెట్‌ను లాగేయండి. పూట పడుతుంది. పట్టనివ్వండి.

మీ దగ్గరున్న డబ్బాలకు రెండు దారులు. మాకు తిప్పి పంపితే పోస్టు ఖర్చు మాదే, లాట్ 16 వేసి పంపుతాం. లేదా సీసం మీ దగ్గరే ఉంచుకోండి, అందులో ఏ దోషమూ లేదు. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెడితే కాగితం ఊడి వస్తుంది. మళ్ళీ చుట్టుకోవడానికి పాత మందం కాగితం, కోత పలక (కాగితం కోసుకునే కొలత నమూనా) ఉచితంగా పంపుతాం. పలక పొడవు రెండు చుట్లకు లెక్క ప్రకారం 2.8 అంగుళాలు. తడిపితే సాగుతుంది కాబట్టి దానికి కాస్త తక్కువే పెట్టాం. చివర్లు ఏటవాలుగా ఉంటాయి. చుట్టాక మొదటి అంచు, చివరి అంచు పక్కపక్కన కలవాలి. మధ్యలో సన్నని సందు ఉన్నా పర్లేదు, ఒకదాని మీద ఒకటి ఎక్కితే మాత్రం అక్కడ ఐదో పొర లేచి బుల్లెట్ ఒక పక్కకు ఒరుగుతుంది. తోక మడిచి అడుగున నొక్కి, ఒక రాత్రంతా ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, అంచులు లేచిపోతాయి.

ఇప్పుడు రెండో మాట. ఈ మధ్య వచ్చిన ఫిర్యాదుల్లో సగం పైగా 'గుండ్లు పైకీ కిందకీ చెదురుతున్నాయి' అన్నవే. వీటిలో లాట్ 13 వాడినవాళ్ళూ ఉన్నారు. అది కాగితం వల్ల కాదండీ. సరుకు మాది కాబట్టి సమర్థించుకుంటున్నామని అనుకోకండి, కొత్త డబ్బా కొనేముందు నిపుల్ చూసుకోమంటున్నాం, అంతే.

కొత్త నిపుల్ అడుగున రంధ్రం .028 అంగుళం దగ్గర ఉంటుంది. కాల్చిన ప్రతిసారీ వేడి గ్యాసు దాన్ని కొరుకుతుంది. రంధ్రం పెద్దదైనకొద్దీ వెనక్కి పోయే గ్యాసు పెరుగుతుంది, అదీ ఒక్కోసారి ఒక్కోలా. దాంతో బుల్లెట్ వేగం నిలకడగా ఉండదు. 200 గజాల దగ్గర ఇదేమీ తెలియదు. 1000 గజాల దగ్గర బుల్లెట్ మూడు సెకన్లకు పైగా గాలిలో ఉంటుంది, సెకనుకు 10 అడుగుల వేగం తేడాకే దాదాపు అడుగు ఎత్తు మారిపోతుంది. గుర్తులు తేలికే. కాల్చాక హ్యామర్ (క్యాప్‌ను కొట్టే సుత్తి) తనంతట తానే హాఫ్ కాక్‌కు, అంటే సగం ఎత్తుకు, లేస్తుంది, క్యాప్ ముక్కలై రాలుతుంది, లాక్ చుట్టూ మసి పేరుకుంటుంది. కొలవడానికి నంబర్ డ్రిల్లులు చాలు: 70 నంబరు .028, 65 నంబరు .035. డ్రిల్లు వెనకవైపు కాడ పెట్టి చూడండి, పదునైన కొస పెట్టి రంధ్రాన్ని మీరే పెద్దది చేసుకోకండి. 65 దూరిందంటే మేమైతే ఆ నిపుల్ పారేస్తాం. ప్లాటినం లైనింగ్ ఉన్నవి చాలా ఎక్కువ కాలం వస్తాయి. ఖరీదెక్కువ, మేం అమ్మం కూడా, కానీ పోటీలకు వెళ్ళేవాళ్ళు అవే కొనుక్కోవడం మేలు.

నిపుల్ బాగుంటే తర్వాత చూడాల్సింది బారెల్ తుడుపు. ఒక తడి గుడ్డ, రెండు పొడి గుడ్డలు, ప్రతి షాటుకూ అదే లెక్క. ఒకసారి తుడిచి ఒకసారి వదిలేస్తే ఎలివేషన్ (గుండు తగిలే ఎత్తు) ఆడుతూనే ఉంటుంది. తడి గుడ్డను మందు కూర్చునే చోటిదాకా తోయకండి, అక్కడ మిగిలిన తేమ తర్వాతి మందును పాడుచేస్తుంది. మందును పొడవాటి గొట్టం గుండా నెమ్మదిగా పోస్తే గింజలు ఒకేలా సర్దుకుంటాయి.

1874 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో ఐర్లండ్ జట్టు రిగ్బీ మజిల్‌లోడర్లతో 800, 900, 1000 గజాలు కాల్చి 1080కి 931 తెచ్చుకుంది. బ్రీచ్‌లోడర్లు (వెనకవైపు నుంచి నింపే రైఫిళ్ళు) పట్టిన అమెరికన్లకు 934. మూడంటే మూడు పాయింట్లు, అందులోనూ ఐరిష్ షూటర్ ఒకాయన బుల్ (టార్గెట్ నడి గురి) కొట్టింది పక్కవాళ్ళ టార్గెట్ మీద! అప్పటి బుల్ మూడడుగుల చదరం. నిపుల్ అరిగితే ఆ చదరంలో మూడో వంతు ఎలా పోతుందో పై లెక్కలోనే ఉంది.

బుల్లెట్ సీసం మిశ్రమం మార్చమని కొందరు రాశారు. మేం పోసేది 20 పాళ్ళ సీసానికి 1 పాలు తగరం. ఇంకా గట్టిగా చేస్తే, మందు తన్నినప్పుడు బుల్లెట్ ఉబ్బి బారెల్ లోపలి గాడుల్ని పట్టుకోదు. ఉత్త సీసమైతే పొడవాటి ముక్కు కుంగిపోతుంది. గిబ్స్ రైఫిళ్ళ తరహాలో 18 అంగుళాల ట్విస్టు (గాడులు 18 అంగుళాలకు ఒక చుట్టు తిరగడం) ఉన్నవాటికి 20:1 దగ్గరే ఉంటాం. విట్‌వర్త్ రైఫిళ్ళు ఉన్నవాళ్ళ సంగతి వేరు: ఆ ఆరు పలకల బోరు మూలల్లోకి గుండ్రటి బుల్లెట్ ఉబ్బాలి, మెత్తని సీసమే కావాలి. ఆర్డరులో 'విట్‌వర్త్' అని రాయండి, విడిగా పోస్తాం. .577 ఎన్‌ఫీల్డ్‌కు మా దగ్గర ఏమీ లేదు, మినీ బుల్లెట్లు మేం పొయ్యం.

ఆర్డరు నోట్‌లో ఇద్దరు 'నల్లమందు కూడా పంపగలరా' అని రాశారు. బాబూ, అది నల్లమందు కాదు, తుపాకిమందు! తెలుగులో మొదటిదాని అర్థం వేరే, దానికి పడే శిక్షా వేరే. ఏదైనా మేం పంపం. మందు రవాణాకు ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి, లైసెన్సున్న డీలర్ దగ్గరే కొనండి. బ్లాక్ పౌడర్ (పాతకాలపు తుపాకిమందు) తప్ప స్మోక్‌లెస్ పౌడర్ (నేటి తుపాకుల పొగ తక్కువ మందు) చెంచాడు కూడా ఈ రైఫిళ్ళలో పడకూడదు. మోతాదు మీ రైఫిల్ తయారీదారు చెప్పిన హద్దులోనే. 2022లో బ్లాక్ పౌడర్ బ్రాండు గోయెక్స్ చేతులు మారాక దాని కొత్త డబ్బాలు కొన్నవాళ్ళు పాత ఎలివేషన్ల మీద ఆధారపడకుండా మళ్ళీ జీరో చేసుకోండి (గురి సరిచేసుకోండి).

గ్రెయిన్ల లెక్క తికమకగా ఉందన్నవాళ్ళకు ఇంటి కొలత: పాత బ్రిటిష్ తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. మా బుల్లెట్ మూడు తులాలు. దాని వెనక వాడుకలో ఉన్న 90 గ్రెయిన్ల మందు అర తులం. ఇప్పుడు బంగారం కొట్లో అనే పది గ్రాముల తులంతో మాత్రం తూచకండి.

హైదరాబాద్‌కూ విజయవాడకూ పంపమని అడిగేవాళ్ళకు జవాబు అదే: పంపం. అక్కడ మజిల్‌లోడర్‌కైనా లైసెన్సు ఉండాలి, మేం అమెరికా బయటికి ఏదీ పంపం.

లాట్ 16 పోత అయిపోయింది, చుట్టడం నడుస్తోంది. ఇంకో మూడు వారాలు పడుతుంది. ధర పెంచడం లేదు. తిప్పి పంపేవాళ్ళు డబ్బాలో ఒక చీటీ మీద లాట్ నంబరు, మీ బోరు కొలత, బుల్లెట్ ఎన్నో షాటుకు బిగుసుకుందో రాసి పెట్టండి. బోరు కొలవకపోతే రైఫిల్ పేరు రాసినా చాలు.