పోస్టు తీస్తే నోటీసు ఇవ్వాలి, ఖాతా మూస్తే అక్కర్లేదా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. వాట్సాప్ ఖాతా మూసేశారంటూ వైద్య కేంద్రానికి చెందిన పిటిషనర్లు 2025 అక్టోబరులో సుప్రీంకోర్టుకు వెళ్తే, వాట్సాప్ వాడటం ప్రాథమిక హక్కు ఎలా అవుతుందని ధర్మాసనం అడిగింది. స్వదేశీ యాప్ అరట్టై ఉంది కదా, వాడుకోండని కూడా సూచించింది. రాజ్యాంగపరంగా ఆ ప్రశ్న సబబే కావచ్చు. కానీ కొత్త యాప్ వేసుకోవడం రెండు నిమిషాల పని. ఏళ్ల తరబడి పాత నంబరుకు రిపోర్టులు పంపుతున్న రోగులందరినీ అందులోకి రప్పించడం ఎవరి తరం?

చిక్కంతా 2021 ఫిబ్రవరి 25 నాటి ఐటీ నిబంధనల్లోనే ఉంది. 50 లక్షలకు మించి నమోదిత వినియోగదారులున్న సోషల్ మీడియా సంస్థ తనంతట తానుగా ఎవరి సమాచారాన్నైనా తొలగిస్తే, ముందుగా కారణం తెలపాలని, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 4(8) నిబంధన చెబుతోంది. అవే నిబంధనల్లో 3(1)(సి) చూడండి. నియమాలు పాటించనివారి వాడుక హక్కును వెంటనే రద్దు చేసే అధికారం తమకుందని సంస్థలు వినియోగదారులకు ఎప్పటికప్పుడు గుర్తుచేయాలట! ఒక్క ఫొటో తీసేస్తే సంజాయిషీ ఇవ్వాలి, మొత్తం ఖాతాకు తాళం వేస్తే మాత్రం అడిగేవాడు లేడు.

మోసగాళ్ల ఖాతాలు మూయవద్దని ఎవరూ అనరు. డిజిటల్ అరెస్టు ముఠాలు చేసిన నష్టం మనకు తెలిసిందే. 2024 ఫిబ్రవరి ఒక్క నెలలోనే మన దేశంలో 76 లక్షలకు పైగా ఖాతాలను మూసినట్టు వాట్సాప్ తన నెలవారీ నివేదికలో చెప్పింది. అందులో 14 లక్షలకు పైగా ఎవరూ ఫిర్యాదు చేయకముందే మూసినవి. ఇన్ని లక్షల ఖాతాలను మనుషులు కూర్చుని పరిశీలించలేరు. సందేశంలో ఏముందో ఎన్‌క్రిప్షన్ (సందేశాన్ని రహస్య సంకేతాలుగా మార్చే పద్ధతి) వల్ల కంపెనీకి కనబడదు కాబట్టి ఖాతా వాడే తీరును యంత్రం చూస్తుంది. మన నంబరు సేవ్ చేసుకోని వందల మందికి ఒకే సందేశం పంపడం, వరసగా గ్రూపులు పెట్టి జనాన్ని చేర్చడం, జీబీ వాట్సాప్ లాంటి అనధికార యాప్ వాడటం, ఇలాంటివి దాని దృష్టిలో మోసానికి గుర్తులు. కూతురి పెళ్లి శుభలేఖ ఊరందరికీ పంపే తండ్రి, కొత్త స్టాక్ వచ్చిందని కబురుపెట్టే చీరల కొట్టు యజమాని కూడా ఆ జల్లెడలో చిక్కుకోవచ్చు. అదే నెలలో ఇక్కడి ఫిర్యాదుల అధికారికి 16,618 ఫిర్యాదులు అందితే చర్య తీసుకున్నవి 22. అన్నీ ఖాతా మూసివేత గురించే కాకపోవచ్చు గానీ, ఆ 22 చూస్తే గుండె జారిపోతుంది.

మూసేశాక ఫోన్లో మిగిలేది ఒక తెర, రివ్యూ కోరే బటన్. నొక్కితే ఎస్సెమ్మెస్‌లో వచ్చిన ఆరంకెల కోడ్ అడుగుతుంది. ఏ రోజు, ఏ తప్పు జరిగిందన్న వివరం ఉండదు. చాట్‌లన్నీ గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉన్నాయి కదా అనుకుంటాం. ఆ ఫైలు తెరుచుకునేది వాట్సాప్‌లోనే, అదీ పాత నంబరుతోనే. తాళం పడింది ఆ నంబరుకే! అందుకే ముఖ్యమైన చాట్‌లను ఖాతా బాగున్నప్పుడే ‘ఎక్స్‌పోర్ట్ చాట్’తో టెక్స్ట్ ఫైలుగా తీసి పెట్టుకోవాలి. ఫొటోలు లేకుండా 40,000, ఫొటోలతో 10,000 సందేశాల దాకా వస్తాయి.

చాలామంది పొరపడేది ఆ తర్వాతే. యాప్‌లో బటన్ నొక్కితే ఫిర్యాదు చేసినట్టేనని ఊరుకుంటారు. వాట్సాప్ వెబ్‌సైటులో భారత్ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదుల అధికారి) వివరాలు వెతికి, +91తో సహా నంబరు, మూసిన తేదీ, స్క్రీన్‌షాట్ జతచేసి విడిగా రాయాలి. అందినట్టు 24 గంటల్లో జవాబు ఇవ్వడం వాళ్ల బాధ్యత. ఆ జవాబును భద్రపరచుకోవాలి. అధికారి నిర్ణయం అందిన 30 రోజుల్లోగా కేంద్రం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకోవచ్చు. ఈ పోర్టల్ 2023 మార్చి నుంచే పనిచేస్తున్నా దాని పేరు విన్నవాళ్లు తక్కువ.

ఐరోపాలో పరిస్థితి వేరు. అక్కడి డిజిటల్ సేవల చట్టం ప్రకారం ఖాతా మూసినా కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. కనీసం ఆరు నెలలపాటు సంస్థలోనే అభ్యంతరం చెప్పుకోవచ్చు, ఆ తీర్పును పూర్తిగా యంత్రానికి వదిలేయకూడదు. డబ్లిన్‌లో ఉన్న తెలుగు కుర్రాడికి ఇన్‌స్టాగ్రామ్ మీద ఉన్న ఈ హక్కు, అదే ఇన్‌స్టాగ్రామ్ వాడే అతని చెల్లెలికి గుంటూరులో లేదు.

పైగా మన ప్రభుత్వాలే పౌరసేవలను ఈ యాప్‌లోకి తెస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ ‘మన మిత్ర’ 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైంది. తెలంగాణ కూడా మీసేవను వాట్సాప్‌లోకి తెచ్చింది. క్యూలో నిలబడే పని తప్పింది, మంచిదే. అయితే ఖాతా మూతపడిన పౌరుడికి ఆ కిటికీ కూడా మూతపడుతుంది. కాబట్టి 4(8)లో ఖాతా మూసివేతను స్పష్టంగా చేర్చాలి. మోసం జరుగుతోందన్న బలమైన అనుమానం ఉంటే సందేశాలు పంపడం తక్షణం ఆపేయవచ్చు. కానీ కారణం తెలుగులో చెప్పాలి, అప్పీలును మనిషి చూడాలి, 30 రోజులపాటు పాత చాట్‌లు, నంబర్లు తీసుకునే వీలు ఉంచాలి. కేంద్రం కదిలేలోపు రెండు రాష్ట్రాలూ వాట్సాప్ యజమాని మెటాతో తమ ఒప్పందాల్లో ఈ షరతులు రాయించుకోవచ్చు. అలాగే వాట్సాప్‌లో ఇచ్చే ప్రతి సేవనూ ఓటీపీతో మామూలు వెబ్‌సైటులో కూడా అందించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ