ఐదు నిమిషాలు కావాలా, మూడు గంటలు కావాలా?

మా షాపు కస్టమర్లందరికీ నమస్కారం. నెల్లూరులో ఎండలు ముదిరేకొద్దీ, కరెంటు పోయినా కంప్యూటర్ కాసేపు ఆగకుండా నడిపే యూపీఎస్ కోసం వచ్చేవాళ్లు పెరుగుతారు. ఈ సీజన్ నుంచి మేం అమ్మే పద్ధతి కొంచెం మారుస్తున్నాం. మీరు వచ్చి "అన్నా, ఒక 600 వీఏ ఇవ్వు" అనగానే డబ్బా తీసి చేతికివ్వం. కరెంటు పోయాక మీకు ఎంతసేపు కావాలి, దానికి ఏమేం తగిలిస్తారు అని ముందు అడుగుతాం. తొందరలో ఉన్నప్పుడు విసుగనిపిస్తుంది, నిజమే. అయినా ఎందుకు అడుగుతున్నామో వినండి.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే 600 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) అంటే 600 వాట్లు కాదు. ఇళ్లకు వాడే చిన్న యూపీఎస్‌లలో చాలావాటికి అది 360 వాట్లే. ఆ అంకె వెనకవైపు చిన్నగా రాసి ఉంటుంది. అది కూడా ఎంత లోడు మోయగలదో చెబుతుందే గానీ ఎంతసేపు మోస్తుందో చెప్పదు. ఎంతసేపన్నది లోపలున్న బ్యాటరీని బట్టి ఉంటుంది. మామూలుగా ఉండేది 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) బ్యాటరీ ఒకటి. కాగితం మీద 84 వాట్ అవర్లు. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని గబగబా ఖాళీ చేస్తే అందులో ఉన్నదంతా బయటికి రాదు, ఏసీగా మార్చేటప్పుడు ఇంకొంత పోతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని డెస్క్‌టాప్, మానిటర్ కలిసి 100 వాట్లు లాగితే, కొత్త బ్యాటరీ మీద ఇరవై నిమిషాలు వస్తే బాగా వచ్చినట్టే. 200 వాట్లయితే పది నిమిషాలు కూడా కష్టం. వీఏ పెరిగినంత మాత్రాన సమయం పెరగదు. లోపల రెండో బ్యాటరీ ఉందా అన్నది అడగండి.

అంటే యూపీఎస్ పని ఏమిటంటే, మీరు ఫైలు సేవ్ చేసుకుని సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ చేసేంత సమయం ఇవ్వడం. రెప్పపాటు కరెంటు పోయి వచ్చినప్పుడు రీస్టార్ట్ కాకుండా కాపాడడం. దాని మీద పూటంతా పని చేయాలనుకుంటే నిరాశే మిగులుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తర్వాత "మూడు గంటలు వచ్చే యూపీఎస్ ఉందా" అని చాలామంది అడిగారు. మూడు గంటలు కావాలంటే మీకు కావలసింది ఇన్వర్టర్.

ఇక్కడే మా అమ్మకాలు తగ్గే మాట ఒకటి చెప్పాలి. ఇంట్లో ఇప్పటికే మంచి సైన్‌వేవ్ ఇన్వర్టర్ (లైన్ కరెంటులాంటి ఏసీ ఇచ్చేది), 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉంటే చాలామందికి వేరే యూపీఎస్ అక్కర్లేదు. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి సమయం ఎక్కువ పడుతుంది. ఫ్యానుకు, లైటుకు అది లెక్కలోకి రాదు, కంప్యూటర్ మాత్రం ఆగిపోతుంది. కంప్యూటర్‌కు లోపల కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లు, కరెంటు ఆగినా పూర్తి లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లు నిలబడేలా తయారవుతాయి. యూపీఎస్ మోడ్‌లో మార్పిడి దాదాపు ఆ లోపే జరుగుతుంది. ముందు ఆ స్విచ్ మార్చి, కంప్యూటర్ ఆన్‌లో పెట్టి, ఏ ఫైలూ తెరవకుండా మెయిన్ ఒకసారి ఆపి చూడండి. ఆగలేదంటే డబ్బు మిగిలినట్టే. ఒక్క చిక్కుంది. యూపీఎస్ మోడ్‌లో చాలా ఇన్వర్టర్లు వోల్టేజి 180 కంటే కిందికి పడగానే బ్యాటరీ మీదికి వెళ్లిపోతాయి. సాయంత్రాలు లో వోల్టేజి ఉండే పల్లెల్లో బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది. విడవలూరు, ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చేవాళ్లు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. అలాంటి చోట వోల్టేజిని సర్దే ఏవీఆర్ ఉన్న లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ మేలు.

ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలు చాలామంది వస్తున్నారు. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఎలాగూ ఉంది. ఆగేది వైఫై రూటరు. దానికి 12 వోల్టుల మినీ యూపీఎస్ చాలు, ధర కూడా తక్కువ. మీటింగ్ మధ్యలో నెట్ పోతుందన్న టెన్షన్ సగం తగ్గుతుంది. మిగతా సగం మీ కేబుల్ ఆపరేటర్ దగ్గర బ్యాకప్ ఉందా లేదా అన్నదాని మీద ఉంటుంది, అది ముందే కనుక్కోండి. రూటరు అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి, చూసి రండి.

లేజర్ ప్రింటరు మాత్రం దయచేసి యూపీఎస్‌కి తగిలించొద్దు. వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

ఇక బ్యాటరీల సంగతి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఈ బ్యాటరీల లెక్కలన్నీ 25 డిగ్రీల మీద వేస్తారు. అంతకు మించి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగం అవుతుంది. మన ఊళ్లో మే నెలలో 40 దాటుతుంది. అలాంటప్పుడు యూపీఎస్‌ని కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అరలో పెట్టి మూసేస్తే అది ఎన్నాళ్లుంటుంది? గాలి ఆడే చోట, గోడకు కాస్త ఎడంగా పెట్టండి. వాడకుండా షెల్ఫులో ఉన్నా బ్యాటరీ దానంతటదే కొంచెం కొంచెం దిగిపోతుంది. అందుకే తయారై ఆరు నెలలు దాటినదాన్ని ఇకమీదట మేం అమ్మం. తేదీ మీకు చూపించే బిల్లు వేస్తాం. బిగించాక మీ ముందే ప్లగ్గు పీకి, మీ లోడు మీద ఎన్ని నిమిషాలు వచ్చిందో బిల్లు మీద రాసిస్తాం. ఏడాది తర్వాత అనుమానం వస్తే పోల్చుకోవడానికి అదే ఆధారం.

ఇంటికి వచ్చి బిగించేటప్పుడు మా అబ్బాయి ముందు ఎర్తింగ్ చూస్తాడు. ఎర్తింగ్ లేకపోతే చెబుతాడు, బాగు చేయించాకే యూపీఎస్ పెడతాడు. ఇసుక నేలల్లో ఎర్త్ గుంత ఎండాకాలం ఎండిపోతుంది, అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. సీపీయూ ముట్టుకుంటే జిల్లుమనే ఇళ్లలో మొదట చేయాల్సింది అదే.

పాత బ్యాటరీని చెత్తలో వేయకండి, అందులో సీసం, యాసిడ్ ఉంటాయి. మా దగ్గరికి తెస్తే బరువును బట్టి కొత్తదాని ధరలో తగ్గిస్తాం. వచ్చేటప్పుడు మానిటర్ వెనక ఉన్న లేబులు, గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని పేరు, ఇన్వర్టర్ ఉంటే వెనకవైపు ఫోటో తీసుకొస్తే చాలు. లెక్క మేం వేస్తాం.