వేలు చూసింది, కన్ను చూసింది

ఒరేయ్ శీనూ,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుంటున్నావని తెలుసు. మొన్న రాత్రి రాద్దామని కూర్చున్నానో లేదో కరెంటు పోయింది. వంటింట్లో అమ్మ ఆ చీకట్లోనే పోపుల డబ్బా మూత తీసి, ఆవాలూ మెంతులూ వేళ్ళతోనే తీసి పోపు పెట్టేసింది. "ఎలా తెలుస్తుందమ్మా?" అంటే, "ముట్టుకు చూస్తే తెలీదట్రా!" అంది.

ఆ మాట పట్టుకుంది నన్ను. మనం రుచి చూస్తాం, వాసన చూస్తాం, నాడి చూస్తాం. అన్నీ చూడ్డమే! మరి వేలు చూసింది కన్ను కూడా చూసినట్టేనా?

సరిగ్గా ఇదే డబ్లిన్‌లో విలియం మాలినూ అనే ఆయన 1688లో ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్‌ని అడిగాడు. జవాబు లేదు. 1693లో మళ్ళీ రాశాడు. (చూశావా, నేనే నయం.) పుట్టుకతో చూపులేని మనిషికి తడిమితే బంతేదో చదరపు దిమ్మేదో తెలుసు. హఠాత్తుగా చూపొస్తే, ముట్టుకోకుండా చెప్పగలడా? చెప్పలేడనే ఇద్దరూ అన్నారు. మాలినూ భార్యకి చూపు పోయింది. ఆ ప్రశ్న ఊరికే పుట్టి ఉండదనిపిస్తుంది నాకు.

తేల్చింది మన ఢిల్లీలో. అమెరికాలో ఎమ్.ఐ.టి. అనే యూనివర్సిటీలో ఉండే పవన్ సిన్హా ప్రాజెక్ట్ ప్రకాశ్ పేరుతో చూపులేని పిల్లలకి ఆపరేషన్లు చేయిస్తున్నాడు. అలా చూపొచ్చిన అయిదుగురు పిల్లల్ని, ఎనిమిది నుంచి పదిహేడేళ్ళ వాళ్ళని, రెండు రోజుల్లోపే పరీక్షించారు. ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. ప్లాస్టిక్ దిమ్మ ఒకటి ఇచ్చి, తర్వాత రెండు పెట్టి, ఇందాకటిది ఏదీ అని అడగడం, అంతే. చేత్తో తడిమింది చేత్తోనే పోల్చమంటే 98 శాతం సరి. కంటితో చూసింది కంటితోనే అయితే 92. తడిమినదాన్ని కంటితో గుర్తుపట్టమంటే 58! బొమ్మాబొరుసు వేసుకున్నా 50 వస్తుంది కదరా.

లాక్ గెలిచాడంటారు. నేను సగం మార్కులే వేస్తాను. ఎందుకంటే అందులో కొందరిని మళ్ళీ పరీక్షిస్తే, ఒకరికి అయిదు రోజులకే బాగా కుదిరిపోయింది. ఎవరూ పాఠం చెప్పలేదు, తర్ఫీదు ఇవ్వలేదు. మొదట్నించీ నేర్చుకోవాలంటే అయిదు రోజులు ఏ మూలకి? కంటికీ చేతికీ మధ్య దారి ముందే వేసి ఉందేమో, నడవడమే మిగిలిందేమో. నువ్వేమంటావ్?

నిన్న నేనూ కళ్ళు మూసుకుని పోపు పెట్టాను. మినప్పప్పనుకుని గుప్పెడు మెంతులు పోశాను. అమ్మ చారు రుచి చూసి, ఏమీ అనకుండా గిన్నె నా వైపుకి జరిపింది.

జవాబు రాయి. లాక్‌లా అయిదేళ్ళు చెయ్యకు.

నీ
రాంబాబు