పానగల్లు నీడ, నీ వంతు జమ్మి ఆకు

నల్లగొండ,
ఆశ్వయుజ బహుళ సప్తమి

బిడ్డా సరళా,

మేము క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తున్నాను. ఫోను ఉండగా ఉత్తరం ఎందుకు అనుకోకు. నెల రోజులుగా నేను ఎప్పుడు చేసినా "మీటింగులో ఉన్నాను నాన్నా, మళ్లీ చేస్తాను" అంటున్నావు. మళ్లీ చేసింది లేదు. కాగితమైతే నీకు తీరిక చిక్కేదాకా బల్ల మీద పడి ఉంటుంది.

ఇక్కడ వానలు వెనకబట్టాయి. పొద్దున్నే లతీఫ్ సాబ్ గుట్ట మీద పలుచగా మంచు కనిపిస్తోంది. బత్తాయిలు బండ్ల మీదికి వచ్చాయి. పాలమూరు సీతాఫలాలు బుట్టలకు బుట్టలు దిగుతున్నాయి. కళ్లు విచ్చినవి చూసి ఏరి తెచ్చి బియ్యంలో మగ్గబెట్టింది మీ అమ్మ. ఎవరికోసం అని అడిగితే, ఇంటికి ఎవరైనా వస్తారు కదా అంటుంది.

బతుకమ్మ బాగానే పేర్చారు. ఊరి చుట్టుపక్కల తంగేడు కరువైంది. పెద్ద బావ దేవరకొండ దారిలో ఎక్కడో కోసి, మోటారు సైకిలుకు కట్టుకొని తెచ్చాడు. గునుగు పని మాత్రం మీ అమ్మదే. కట్టలు కట్టి, కాడలు సమంగా కత్తిరించి, తెల్లటి కొసలను రంగు నీళ్లలో ముంచి, అరుగు మీద వరుసగా ఆరబెట్టింది. ఎరుపు మరీ ముదిరితే ఎవరు చెబుతారు? నువ్వుంటే "అమ్మా, ఇంకో చెంబు నీళ్లు పొయ్యి" అనేదానివి. ఈసారి నేను చెప్పాను, వినలేదు. రెండు వారాలైనా ఆమె గోళ్ల సందుల్లో ఆ గులాబి రంగు ఇంకా పోలేదు. అన్నం కలుపుతుంటే కనబడుతోంది.

దసరా సాయంత్రం అండాలత్త కొడుకు జమ్మి ఇవ్వడానికి వచ్చాడు. జమ్మి బంగారం చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి, కూర్చొని ఒక మాట అన్నాడు. సద్దుల బతుకమ్మ నాడు చీకటి పడే వేళ నిన్ను హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో చూశాడట. భుజాన పెద్ద సంచి ఉందట. పిలిచేలోపు వాడి బస్సు కదిలిందట. నువ్వేమో బెంగళూరులో సెలవు దొరకలేదన్నావు. మీ అమ్మ వెంటనే, "ఆ పోలిక ఉన్న పిల్లలు ఎందరు లేరు!" అని వాడికి అరిసెలు పెట్టింది. అది అలా ఉంచు.

నీకు ఒక సంగతి చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. భాద్రపదంలో నా కుడి కంటికి శుక్లం తీయించుకున్నాను. నువ్వు సెలవు పెట్టుకొని ఉరుకుతావని చెప్పవద్దన్నాను. కట్టు విప్పిన రోజు ఏం జరిగిందో విను. ఎడమ కన్ను మూసి చూస్తే మన వసారా గోడ సున్నం తెల్లగా, కొంచెం నీలి ఛాయతో మెరుస్తోంది. కుడి కన్ను మూసి చూస్తే అదే గోడ మీద పలుచటి టీ పోసినట్టుంది. పొద్దంతా ఒక కన్ను మూయడం, ఒక కన్ను తెరవడం, అదే పని. ఆ తర్వాత ఈ మూడేళ్లలో వేసిన నీటిరంగుల బొమ్మలన్నీ అటక మీది నుంచి దింపించాను. ఆకాశాలన్నీ నీలిమందు కుమ్మరించినట్టు ఉన్నాయి. వయసు మీద పడితే కంటిలోని కటకం పసుపు పట్టి నీలాన్ని అడ్డుకుంటుందని డాక్టరు చెప్పారు. అది అడ్డుకున్న కొద్దీ, చాలలేదనుకొని నేను నీలం కలుపుతూ పోయాను. ముప్పై రెండేళ్లు పిల్లలకు రంగులు నేర్పినవాణ్ని, ఒక్క ఆకాశమూ సరిగ్గా చూడలేదని తెలిసి రెండు రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడు ఒక్కొక్కటి మళ్లీ వేస్తున్నాను. రెండో కన్ను సంక్రాంతి దాటాక.

నీకు ముందే చెప్పి ఉండాల్సింది. నీ దగ్గర దాచింది నేనే మొదట, అందుకే నిన్ను గట్టిగా అడగడానికి నాకు నోరు రావడం లేదు.

పోయిన వారం పెద్ద బావ పాలమూరు పిల్లలమర్రి ఫోటోలు చూపించాడు. నువ్వు ఊడలు పట్టుకొని ఊగిన చెట్టే. ఏడు వందల ఏళ్లదంటారు, మూడెకరాల దాకా పరుచుకుంది. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది, గుర్తుందా? లోపలంతా చెదలు. మరుసటి ఏడు చెదల మందు నీళ్లలో కలిపి, సెలైన్ సీసాల్లో పోసి, కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. కొమ్మల కింద దిమ్మెలు కట్టి ఆనించారు. పైన ఆకు పచ్చగానే ఉండేది, అందుకే చాలాకాలం ఎవరికీ అనుమానం రాలేదు. రాత్రిళ్లు అన్నం మానేసి బిస్కట్లతో సరిపెట్టుకుంటున్నావని చిన్నమ్మ కూతురు చెప్పింది. అలా చేయకు. రెండు పూటలా అన్నం తిను, చారు అయినా కాచుకో. కంప్యూటరు ముందు నుంచి గంటకోసారి లేచి కిటికీలోంచి దూరంగా చూడు. నీకు చెప్పేంతటివాణ్ని కాను కానీ, బొమ్మ వేసేవాళ్లకు కన్నే ఆస్తి. నిద్ర కూడా అంతే. పన్నెండు దాటాక వేసిన గీత తెల్లారి చెరిపేయాల్సిందే. డబ్బు సంగతి కూడా చెప్పాలనుకున్నాను, వద్దులే.

నిన్న సాయంత్రం పానగల్లు వెళ్లి వచ్చాను. ఆ సంగతి రాద్దామనే అసలు కూర్చున్నాను. ఉదయసముద్రం చెరువు నిండుగా ఉంది. ఛాయా సోమేశ్వరుడి గుడి చుట్టూ వరి పొట్ట మీద ఉంది. నీకు తొమ్మిదేళ్లప్పుడు, ఒంటిపూట బడుల రోజుల్లో ఒక ఆదివారం, సైకిలు కడ్డీకి తువ్వాలు చుట్టి నిన్ను కూర్చోబెట్టుకొని వెళ్లాను. గంటలో తిరిగి వస్తామని మీ అమ్మకు చెప్పాను. కందూరు చోడులు పానగల్లు నుంచి ఏలిన నాటి గుడి అనీ, ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు ఉన్నాయి కనుక త్రికూటమంటారనీ దారి పొడుగునా పాఠం చెప్పాను. నువ్వు వింటేనా! లోపలికి వెళ్లాక లింగం మీద నిలువుగా పడిన నీడను చూపించి, "ఇది పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలదు" అన్నాను. నువ్వు నమ్మలేదు. "నీడ కదలకుండా ఎట్లా ఉంటుంది? మన వేపచెట్టు నీడ కదలదా?" అన్నావు. నీడ కదిలేదాకా ఇక్కడే ఉంటానని భీష్మించి, గడప ముందు బాసింపట్టు వేసుకొని డ్రాయింగు పుస్తకం తెరిచావు.

తొమ్మిదిన్నరకు మొదటి బొమ్మ. పదిన్నరకు రెండోది. మధ్యలో లేచి ఒక్కో స్తంభం ముందు చేతులు చాచి నిలబడి, "నాన్నా, నీడ పోయిందా?" అని అరిచేదానివి. పోలేదు. అది ఏ స్తంభం నీడో తేల్చాలని నీ పంతం. పూజారి గారు ముచ్చటపడి నీకు రెండుసార్లు పులిహోర పెట్టారు. మధ్యాహ్నం బయట బండలు కాలుతుంటే లోపల చల్లటి రాతి మీద చెంప ఆనించి కాసేపు పడుకున్నావు. లేచి మళ్లీ అదే పని. సాయంత్రం ఐదున్నరకు తొమ్మిదో బొమ్మ పూర్తి చేసి, తొమ్మిదీ పక్కపక్కన పరిచి చూశావు. అన్నిటిలోనూ నీడ ఒక్క చోటే. అప్పుడు ఏడుపు మొహం పెట్టి, "నేను సరిగ్గా వేయలేదేమో" అన్నావు.

ఆ రోజు నీకు సమాధానం చెప్పలేకపోయాను, దేవుడి మహిమ అని దాటేశాను. ఎండ నేరుగా లోపలికి రాదనీ, స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురు వల్ల వాటి నీడలు ఒక్కచోట కలుస్తాయనీ తర్వాత చదివాను. నిన్న కొత్త కంటితో చూస్తే నీడ నలుపు కాదు బిడ్డా, సన్నటి నీలం ఉంది అందులో. ఇంటికి రాగానే నీ పుస్తకం తీశాను. ఆరో బొమ్మ నుంచి నువ్వు నీడకు నీలం రంగు పెన్సిలు వాడావు. అప్పుడు "నీడకు నీలమేమిటి, నలుపు వెయ్యి" అని నేను గద్దించినట్టు గుర్తు. నువ్వు వేసిందే సరి.

ఈ రోజుల్లో బొమ్మలు కంప్యూటర్లే వేసేస్తున్నాయని, నీలాంటి వాళ్ల ఉద్యోగాలు పోతున్నాయని పేపర్లో చదువుతున్నాను. నీ ఉద్యోగం పోయిందా? పోతే పోయిందని చెప్పు. ఇక్కడ ముందు గది ఖాళీగా ఉంది, ఉత్తరపు కిటికీ వెలుతురు బొమ్మలకు మంచిది. బల్ల కోళ్లు సరిచేయించాను. ఇంకేదైనా సంగతి అయితే అది కూడా చెప్పు, మీ అమ్మకు నేను నచ్చజెబుతాను. దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చి మన బస్సు ఎక్కకుండా వెళ్లావేమోనన్న తలపు ఒక్కటే నేను మోయలేకపోతున్నాను. ఆ పిల్ల నువ్వు కాకపోతే, నన్ను తిట్టి ఒక ఫోను చెయ్యి.

కార్తీకంలో ఆలంపురం వెళ్దామని మీ అమ్మ అంటోంది. తుంగభద్ర ఒడ్డున ఆ చాళుక్యుల శిఖరాలను నువ్వు పక్కనుంటే వేయాలని ఉంది. నీకు వీలైన రోజే బయలుదేరుదాం. నీ వంతు జమ్మి ఆకు ఆ తొమ్మిది బొమ్మల పుస్తకంలో పెట్టాను. ఎండి పెళుసెక్కింది, పోస్టులో పంపితే పొడి అవుతుంది.

మీ నాన్న

తా.క.: తడి తలతో బయటికి వెళ్లవద్దని మీ అమ్మ రాయమంది. మరొకటి కూడా. అండాలత్త కొడుకు చూసిన పిల్ల నీలం చున్నీ వేసుకుందట. పోచంపల్లిలో నీకు తీసిన నీలం చున్నీ అక్కడ నీ దగ్గరే ఉందా అని అడగమంటోంది.